నెలకూ నెలరాజుకూ ఉన్న లెక్క



తెలుగులో ‘నెల’ అంటే ముప్పై రోజుల కాలం. చంద్రుడినీ ‘నెల’ అనేవారు. నెలవంక, నెలరాజు అనే మాటల్లో ఉన్నది ఆ నెలే. కన్నడంలో ‘తింగళు’ అన్నా, అత్తిబెలె దాటి హొసూరు వైపు వెళితే తమిళంలో ‘తింగళ్’ అన్నా ఇవే రెండర్థాలు. మూడు భాషలవాళ్ళూ చంద్రుణ్ణి చూసే కాలం లెక్కపెట్టారన్నమాట. మరి ఆ చంద్రుడు నెల పొడుగునా ఒకే తీరుగా ఎందుకు కనిపించడు? ఈ ప్రశ్నకు మన దేశంలో జవాబు దొరికిన చరిత్రను ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

మొదటి జవాబు కథగా వచ్చింది. దక్షుడు తన 27 మంది కూతుళ్ళను చంద్రుడికిచ్చి పెళ్ళి చేశాడు. చంద్రుడు రోహిణి దగ్గరే ఉండిపోతే, క్షీణించిపొమ్మని శపించాడు. శాపం సడలాక పక్షం రోజులు తరగడం, పక్షం రోజులు పెరగడం మిగిలింది. కథే అయినా దీని వెనుక గట్టి పరిశీలన ఉంది. ఆ 27 మందీ అశ్విని మొదలు రేవతి వరకు గల నక్షత్రాలు. ఒక చుక్క దగ్గర నుంచి బయలుదేరిన చంద్రుడు మళ్ళీ దాని దగ్గరికి రావడానికి 27 రోజుల చిల్లర పడుతుంది.

రెండో జవాబు లెక్కగా వచ్చింది. క్రీ.శ. 499 నాటికి 23 ఏళ్ళవాడైన ఆర్యభటుడు, చంద్రగోళంలో సూర్యుడికి ఎదురుగా ఉన్న సగం వెలుగుతుందనీ, మిగతా సగం తన నీడతోనే చీకటిగా ఉంటుందనీ ‘ఆర్యభటీయం’లో చెప్పాడు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో దీన్ని ఎండలో పెట్టిన కుండతో పోల్చాడు.

మనమూ ఒక బంతితో చూద్దాం. సాయంత్రం ఎండలో పడమటికి నిలబడి, బంతిని చేయి చాచి పట్టుకోండి. మీవైపు చీకటి భాగమే ఉంటుంది, అది అమావాస్య. మెల్లగా ఎడమకు తిరగండి. కుడి అంచున వంక కనిపిస్తుంది, దక్షిణానికి తిరిగేసరికి సగం వెలుగుతుంది. తూర్పుకు తిరిగి బంతిని తలకన్నా పైకెత్తితే నిండు పున్నమి. ఎత్తకపోతే మీ తల నీడ బంతి మీద పడుతుంది; అది చంద్రగ్రహణం. ఎండ మారలేదు, బంతి మారలేదు. మనం చూసే వైపు మారింది.

భూమి నీడ పడటం వల్లే చంద్రుడు తరుగుతాడని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు ఆకాశం చూడండి. సూర్యుడూ సగం చంద్రుడూ ఇద్దరూ కనిపిస్తారు. భూమి నీడ సూర్యుడికి సరిగ్గా అటువైపు కదా పడాలి! చంద్రుడు దాని దారిలోనే లేడు.

మన పంచాంగం ఈ లెక్క మీదే నడుస్తుంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. 30 తిథులకు ఒక మాసం, అంటే సుమారు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. పన్నెండు మాసాలకు 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. అందుకే 32, 33 నెలలకొకసారి అధికమాసం వస్తుంది. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు, కన్నడ ఇళ్ళవాళ్ళు చాంద్రమానం ప్రకారం ఉగాది చేసుకుంటే, పక్కింటి తమిళులు సౌరమానం ప్రకారం ఏప్రిల్ 14 ప్రాంతంలో సంవత్సరాది చేసుకుంటారు. ఇందులో తప్పొప్పులు లేవు. ఒకరు చంద్రుణ్ణి, ఒకరు సూర్యుణ్ణి ముందు పెట్టుకున్నారు.

2023లో అధిక శ్రావణం వెళ్ళాక, నిజ శ్రావణ శుద్ధ సప్తమి నాడు, ఆగస్టు 23 సాయంత్రం, బెంగళూరులోని ఇస్రో కేంద్రం పర్యవేక్షణలో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ రోజునే ఎంచుకోవడానికి కారణం, దిగే చోట అప్పుడే తెల్లవారడం. చంద్రుడి మీద ఒక పగలు మనకు సుమారు 14 రోజులు. సౌరశక్తితో పనిచేసే విక్రమ్‌ను పొద్దు గూకకముందే, సెప్టెంబరు 4న, నిద్రపుచ్చారు. శుక్లపక్షంలో మనం చూసే వెలుగు చీకట్ల అంచు, అక్కడ సూర్యోదయం జరిగే గీత.

ఈ సంగతి మీ పిల్లలకు చెప్పేటప్పుడు ముందు బంతిని వాళ్ళ చేతికివ్వండి, మాటలు తర్వాత. పదిహేను వందల ఏళ్ళ కిందటి జవాబును వాళ్ళే కనిపెడతారు.