బాలింత బుట్ట

బాలింతను చూడబోయేవాళ్లు వట్టి చేతులతో వెళ్లకూడదని మన పెద్దలు ఎప్పుడో తీర్మానించేశారు. ఏం పట్టుకెళ్లాలో మాత్రం ఎవరూ తేల్చి చెప్పినట్టు లేదు. అందుకే కాబోలు, ఇవాళ ఏ బాలింత గదిలోకి తొంగిచూసినా ఏడాది నిండితే గాని పట్టని గౌన్లు అరడజను, చక్రాల ఏనుగులు రెండు, సబ్బూ నూనే పౌడరూ కలిపి పెట్టిన ఒకే రకం డబ్బాలు నాలుగూ కనబడతాయి. వాటి వెనకాల మంచం మీద ఒక మనిషి పడుకుని ఉందనీ, తొమ్మిది నెలలు మోసి కన్నది ఆవిడేననీ తెచ్చినవాళ్లకి తట్టినట్టు ఉండదు. తెచ్చిందంతా బిడ్డకే. మరి తల్లికో?

ఈ ప్రశ్న పట్టుకుని నేను కొంచెం వెనక్కి వెళ్లి చూశాను. తీరా చూస్తే బాలింత బుట్టకి పెద్ద చరిత్రే ఉంది.

ముందు మన ఇంటి సంగతి. బిడ్డని ఉయ్యాల్లో వేసి పేరుపెట్టే వేడుకని మనం బాలసారె అంటాం. మాటలోనే సారె ఉంది చూశారా! కాని వెనకటి రోజుల్లో బిడ్డ కోసం పెట్టే ఖర్చు ఏపాటి? పురిటిబిడ్డకి కొత్తబట్ట తొడిగేవారే కాదు. అమ్మమ్మదో నాయనమ్మదో, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేసేవారు. కాణీ ఖర్చు లేదు, పసి ఒంటికి ఒరుసుకోదు. శ్రమా, సొమ్మూ, వాడకట్టు ఆడవాళ్ల హడావుడీ అంతా తల్లి కోసమే. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము దంచి, పాతబెల్లం, నెయ్యి, నువ్వులనూనె పోసి వండిన కాయం ఒకరింటి నుంచి వచ్చేది. కరివేపాకు కారం ఒకరు, వెల్లుల్లి ఒకరు, ఏడాది నిలవున్న చింతకాయ పచ్చడి మరొకరు. గిద్దెడు నెయ్యి తెచ్చినా గొప్పే. చివరికి మంత్రసానికి చేటలో బియ్యమూ, పాతచీరా. ఇంకేం, బుట్ట నిండినట్టే.

ఆ రోజులే బంగారమని నేననను లెండి. పథ్యం పేరు చెప్పి దాహమేసినా బాలింతకి మంచినీళ్లు పోయని ఇళ్లు ఎన్ని ఉండేవో! పాలిచ్చే తల్లికి కడుపునిండా తిండీ, అడిగినన్ని నీళ్లూ కావాలని ఇప్పుడు ఏ డాక్టరైనా చెబుతుంది. అంతకంటె పెద్ద లోటు ఇంకొకటుండేది. కాయం చేయడానికి పదిహేను దినుసులు వెతికి తెచ్చిన ఇంట్లోనే బొడ్డు కోయడానికి ఏ కొడవలో, పాత బ్లేడో తీసేవారు. వారం పదిరోజులు తిరక్కుండా బిడ్డ పాలు పట్టలేక, ఒళ్లు బిగుసుకుని పోయేది. గాలి సోకిందనేవారు. అది గాలి కాదు, ధనుర్వాతం.

దీనికి విరుగుడు కూడా చివరికి ఒక చిన్న పొట్లం రూపంలోనే వచ్చింది. 1990ల్లో మన దేశంలో ఇళ్లలో పురుళ్లు పోసేవాళ్లకి ప్రభుత్వం తరఫున పంచారు. అందులో ఒక సబ్బుముక్క, కొత్త బ్లేడు, దారం, కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డ ఉండేవి. చేతులు, పరుపు, బ్లేడు, దారం, కోసిన బొడ్డు — ఈ అయిదూ శుభ్రంగా ఉంటే చాలని ‘అయిదు శుభ్రాలు’ అని పాఠం చెప్పేవారు. ఖరీదు కొద్ది రూపాయలు. తల్లీబిడ్డలకి సోకే ధనుర్వాతాన్ని భారతదేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. అందులో సింహభాగం గర్భిణులకి వేసిన టీకాదీ, ఆస్పత్రి కాన్పులదీ. అయినా నన్నడిగితే, బాలింతకి ఇచ్చిన కానుకలన్నిటిలోకీ విలువైనది ఆ సబ్బుముక్క ఉన్న పొట్లమే.

ఈ కానుకల గొడవ మన ఒక్కళ్లదీ కాదు. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరం ఉంది చూశారూ, అక్కడ 1348 నాటి మహమ్మారి ఊళ్లకి ఊళ్లు ఊడ్చేశాక బిడ్డ పుట్టడమంటే మహా సంబరమైపోయింది. కలిగినవాళ్ల ఇళ్లలో బాలింతకి కోడిపులుసూ, మిఠాయిలూ బొమ్మలు వేసిన గుండ్రటి కొయ్యపళ్లెంలో పెట్టి తెచ్చేవారు. 1449లో మెడీచీ వంశంలో లొరెంజో పుట్టినప్పుడు స్కెజ్జా అనే చిత్రకారుడు బొమ్మలేసిన పళ్లెం ఇప్పటికీ న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. లొరెంజో 1492లో పోయేదాకా దాన్ని తన గదిలోనే ఉంచుకున్నాడట. పళ్లెం మ్యూజియానికి చేరింది, పులుసు తల్లి కడుపులోకి చేరింది. నాకైతే పులుసు సంగతే నచ్చింది.

బీదవాళ్ల మాట? పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో చర్చి తాలూకు ఆడవాళ్లు పేద బాలింతలకి దుప్పట్లూ, పసిగుడ్డలూ పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. ఇచ్చేవారంటే పూర్తిగా కాదు సుమండీ, అరువు! నెల తిరిగేసరికి ఉతికి, మడతపెట్టి, లెక్క అప్పజెప్పాలి. ఇలాంటి సంఘాలు కొన్ని పెళ్లయిందని రుజువు చూపిస్తే గాని చెయ్యి విదిల్చేవి కావు.

ఫిన్లాండ్‌లోనూ మొదట్లో ఈ అరువు పద్ధతే. 1920లో పుట్టిన మానర్‌హైమ్ బాలసంక్షేమ సంఘం పసిబిడ్డకి కావలసిన సరంజామా బుట్టల్లో సర్ది ఇల్లిల్లూ తిప్పేది. ఒక తల్లి వాడుకున్నాక ఉతికి ఇచ్చేస్తే ఇంకో తల్లికి వెళ్లేది. అప్పట్లో ఫిన్లాండ్ సంపన్న దేశమేం కాదు. చలి, అడవులు, బీదరికం. పుట్టిన వెయ్యిమందిలో అరవై అయిదుగురు ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. పైపెచ్చు పుట్టేవాళ్లే తగ్గిపోతున్నారని ప్రభుత్వానికి బెంగ. అందుకని 1937లో చట్టం చేసి, 1938 నుంచి పేద తల్లులకి 450 మార్కుల సహాయం మొదలుపెట్టారు. కావాలంటే డబ్బు, కాదంటే ఆ డబ్బుకి సరిపడా సామాన్ల పెట్టె. పేదవాళ్లకి మాత్రమే అన్నా, ఆ ఏడు కన్న తల్లుల్లో మూడింట రెండువంతులు ఆ లెక్కలోకి వచ్చేశారు!

ఆ పెట్టెని ఏటేటా విప్పి చూస్తే దేశం కథంతా అందులోనే కనబడుతుంది. మొదట్లో కుట్టిన బట్టలు కాదు, తాన్లోంచి కోసిన గుడ్డ పెట్టేవారు. తల్లులకి కుట్టుపని వచ్చు కదా అని. యుద్ధం వచ్చి, నూలుగుడ్డా ఫ్లానలూ సైన్యానికే కావలసివచ్చేసరికి పెట్టెలోకి కాగితం దుప్పట్లూ, కాగితం పొత్తిగుడ్డలూ వచ్చాయి. 1957కల్లా గుడ్డముక్కలు పోయి అన్నీ కుట్టిన బట్టలే. 1969లో వాడి పారేసే లంగోటాలు చేరాయి. కొన్నేళ్లకి అవి చెత్త పెంచుతున్నాయని మళ్లీ గుడ్డవే పెట్టారు. తల్లిపాలు తగ్గిపోతాయని పాలసీసానీ, నోట్లో పెట్టే రబ్బరు పీకనీ తీసేశారు. అన్నీ తీసేశాక మిగిలిన ఖాళీ అట్టపెట్టె అడుగున చిన్న పరుపు ఉంటుంది కనక అందులోనే బిడ్డని పడుకోబెట్టడం ఆనవాయితీ. మనవాళ్లు చేటలో పడుకోబెట్టినట్టే.

2013లో బ్రిటన్ యువరాజు విలియం దంపతులకి తొలిచూలు బిడ్డ పుట్టబోతుంటే ఫిన్లాండ్ వాళ్లు ఈ అట్టపెట్టే పంపించారు. అప్పటికి పెట్టె వద్దన్న తల్లికి 140 యూరోలు ఇచ్చేవారు. అయినా తొలిచూలు తల్లుల్లో నూటికి తొంభై అయిదుగురు పెట్టే పుచ్చుకునేవారు.

ఇప్పుడక్కడ వెయ్యికి ఇద్దరు పోవడం కూడా అరుదు. అయితే అట్టపెట్టే పిల్లల్ని బతికించిందా? అట్టకి అంత మహిమ ఎక్కడిది! కిటుకు పెట్టె బయట ఉంది. 1949లో ఈ కానుకని బీదా గొప్పా లేకుండా తల్లులందరికీ ఇచ్చారు. కాని ఒక షరతు పెట్టారు: నాలుగో నెల దాటకుండా డాక్టరుకో, ప్రసూతి కేంద్రానికో వెళ్లి చూపించుకోవాలి. ఆ కేంద్రాలకి బీజం వేసినవాడు ఆర్వో యూల్పో అనే పిల్లల డాక్టరు. 1922లో హెల్సింకిలో మొదలైతే, 1944లో చట్టం చేసి ఊరూరా పెట్టారు. (ఆయన నూటనాలుగేళ్లు బతికి 1992లో పోయాడు. పిల్లల డాక్టరుకి అంతకంటె మంచి సర్టిఫికెట్ ఏం కావాలి?) పెట్టె మీద ఆశతో తల్లి గడప దాటింది. తీరా అక్కడికి వెళ్లాక చూసింది ఆవిడ నాడి, ఆవిడ రక్తం. బిడ్డ పేరు చెప్పి తల్లికి పెట్టిన కానుక అన్నమాట.

ఆ ఉపాయం మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 2015లో తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లో కన్న తల్లులకి పదహారు వస్తువుల సంచీ ఇవ్వడం మొదలుపెట్టింది. దోమతెర, పరుపు, గిలక, గోళ్లు తీసే కత్తెరలతో పాటు తల్లికి ఏం పెట్టారనుకున్నారు? శొంఠి లేహ్యం! ఏ అవ్వ సలహా ఇచ్చిందో గాని, చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో బేబీ కిట్ వచ్చింది. 2017 జూన్‌లో తెలంగాణ మొదలుపెట్టిన కిట్ రెండువేల రూపాయల ఖరీదుది, అందులో తల్లికి చీర కూడా ఉంది. దానికి తోడు మగబిడ్డకి పన్నెండువేలు, ఆడబిడ్డకి పదమూడువేలు విడతలుగా ఇచ్చేలా, ఒక్కో విడతనీ పరీక్షలకీ టీకాలకీ ముడిపెట్టారు. ఫిన్లాండ్ షరతే, మన లెక్కలో. ప్రభుత్వాలు మారితే సంచీ మీద పేర్లూ బొమ్మలూ మారుతుంటాయి. దోమతెర మాత్రం దోమతెరే కదా!

2022 డిసెంబరులో తెలంగాణలోనే తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకి ఇంకో బుట్ట ఇచ్చారు. అందులో కిలో ఖర్జూరాలు, అరకిలో నెయ్యి, మూడు సీసాల ఐరన్ మందు పెట్టారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మంది రక్తం చాలనివాళ్లే. ఆ అంకె చూశాక చక్రాల ఏనుగు కొనడానికి నాకు చెయ్యి రాదు.

మీరడక్కపోయినా నా బుట్టలో ఏం పెడతానో చెబుతాను. బుట్ట మేదరివాళ్ల దగ్గరదే, తరవాత ఉల్లిపాయలకి పనికొస్తుంది. అందులో అరకిలో ఖర్జూరాలు, బెల్లం పాకం పట్టిన నువ్వులుండలు, వేరుశనగ ఉండలు. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని రెండో చేత్తో తినగలిగినవి అన్నమాట. మూతున్న మరచెంబు ఒకటి, పాలిచ్చేటప్పుడు వేసే దాహం ఇంకే దాహానికీ రాదు. చూడవచ్చిన చుట్టాలు చేతులు కడుక్కోడానికి సబ్బు, దాన్ని మొహమాటం లేకుండా పైనే పెడతాను. ఉడకబెట్టి ఎండలో ఆరేసిన పాతచీర ముక్కలు నాలుగు. ఉగ్గుగిన్నె మాత్రం పెట్టను, ఆరునెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క తేనె కూడా పొయ్యొద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నారు కదా. ఎంత ఘనంగా కొన్నా అయిదువందలు దాటదు.

మీదు మిక్కిలి ఒక కాగితం ముక్క పెట్టి, ‘మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం క్యారేజీ నాది’ అని రాస్తాను. మొన్న మా వీధి చివరి ఇంటి అమ్మాయికి ఇలాగే రాసి ఇచ్చాను. మొదటి శుక్రవారం క్యారేజీ తిరిగొచ్చినప్పుడు పైగిన్నెలో చీటీ ఉంది: ‘పిన్నిగారూ, చారు రెండుసార్లు పోసుకున్నాను. ఈసారి పప్పు కొంచెం ఎక్కువ పంపండి, మా అత్తయ్య కూడా తింటానంటోంది.’