చిత్రపటం: వేదాంత దృష్టాంతం, కలంకారీ వృత్తి

విద్యారణ్యస్వామి పంచదశిలోని ఆరవ ప్రకరణానికి చిత్రదీపమని పేరు. బ్రహ్మతత్త్వబోధకు అక్కడ గ్రహించిన దృష్టాంతం చిత్రపటం. వస్త్రానికి ధౌతం, ఘట్టితం, లాంఛితం, రంజితం అని నాలుగు అవస్థలు. అనగా ఉతికినది, గంజి పట్టించినది, రేఖలు గీసినది, రంగులు నింపినది. వీటికి క్రమంగా శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు దార్ష్టాంతికాలు. 14వ శతాబ్దపు ఈ గ్రంథాన్ని పఠించేవారు సాధారణంగా దార్ష్టాంతికం మీదనే దృష్టి నిలిపి, వస్త్రాన్ని దాటిపోతారు. తెలుగుదేశంలో అది దాటిపోదగినది కాదు. ఆ నాలుగు అవస్థలను పోలిన క్రమం కలంకారీలో నేటికీ ప్రత్యక్షం.

శ్రీకాళహస్తిలో కలంతో, మచిలీపట్నం చెంత పెడనలో చెక్క అచ్చులతో పని సాగుతుంది. సాధనం వేరైనా ప్రక్రియ చాలవరకు ఒకటే. నూలుబట్టను పేడనీటిలో నానబెట్టి ఎండలో చలువ చేస్తారు. పిదప కరక్కాయరసం, గేదెపాలు కలిపి పట్టిస్తారు. పాలలోని కొవ్వు రంగును గీత దాటి ప్రాకనీయదు. గంజికి బదులు ఇదే ఇక్కడి ఘట్టితం. బెల్లపునీటిలో ఇనుపముక్కలను పులియబెట్టిన ద్రవం కరక్కాయ వగరును తాకగానే నల్లనవుతుంది. అది లాంఛితం.

అసలు విశేషం ఎరుపులో ఉన్నది. ఎర్రబారవలసిన చోట పటికనీటిని అద్దుతారు. పటికకు స్వయంగా వర్ణం లేదు. పారే నీటిలో జాడించి, చిరివేరుతో కాచినప్పుడు పటిక తాకినంత మేర మాత్రమే ఎరుపు స్థిరపడుతుంది. తక్కిన చోట అంటిన మరక చలువలో వదలిపోతుంది. అవ్యక్తంగా ఉన్న చిత్రమే వ్యక్తమైనట్లు తోస్తుంది. సత్కార్యవాది చూస్తే సంతోషించేవాడు. చిరివేరు వెలుపలినుండి వచ్చినదే గదా అని నైయాయికుడు ఆక్షేపించేవాడు.

ఉతికినా వెలవని ఈ వర్ణస్థైర్యమే 17వ శతాబ్దంలో ఐరోపా వర్తకులను కోరమండల తీరానికి ఆకర్షించింది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పారు. ఈ దిగుమతులకు జడిసి ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలువస్త్రాలను నిషేధించింది. ఇంగ్లాండు 1700లోను, 1721లోను శాసనాలు చేసింది. నిషేధాలు కాదు, యంత్రముద్రణ, కృత్రిమవర్ణాలు ఈ వృత్తిని కృశింపజేశాయి. శ్రీకాళహస్తి పని 1950ల చివర కమలాదేవీ చటోపాధ్యాయ ప్రోత్సాహంతో తిరిగి నిలదొక్కుకొన్నది.

నేడు అంగళ్ళలో కలంకారీ పేరిట అమ్మే స్క్రీన్ ప్రింట్లలో ఘట్టితావస్థే లేదు. రంగు కేవలం పైపూత. దేవతాపటం కొనే భక్తుడు బట్టను ముక్కు దగ్గరకు తీసుకొని చూడవచ్చు. కొత్త కలంకారీలో ఆ పాలవాసన ఇంకా కొంత మిగిలి ఉండవచ్చు.