తప్పెవరిది అన్న ప్రశ్న పోయాక

ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడు మోయలేనంత సరుకు ఎక్కించిన బండిలో వెళ్తుండగా బండి విరిగింది, అతని తొడ ఎముకా విరిగింది. జ్యూరీ వంద పౌండ్లు ఇప్పించింది. 1837లో న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. తోటి పనివాడి పొరపాటుకు యజమాని ఎందుకు కట్టాలి, ప్రమాదం తెలిసే కదా పనిలో చేరాడు అన్నారు. ఆవిరి యంత్రాలు, గనులు, రైళ్లు పెరిగిన ఆ కాలమంతా గాయపడినవాళ్లకు ఆ తీర్పే అడ్డుగోడ అయింది.

దాన్ని దాటే దారి 1884లో జర్మనీ చూపింది. యజమానులంతా కలిసి బీమా నిధికి చందా కట్టాలి, గాయపడినవాడికి ఆ నిధి నుంచి చెల్లించాలి. 1897లో ఇంగ్లండు కూడా కొన్ని ప్రమాదకర పరిశ్రమల్లో తప్పెవరిదని అడగడం మానేసింది. మన దేశంలో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉన్నా, తప్పు నిరూపించాల్సిన భారం చనిపోయినవాడి కుటుంబం మీదే ఉండేది. 1923లో వచ్చి, 1924 జూలై 1న అమలైన కార్మిక నష్టపరిహార చట్టం ఆ భారాన్ని తీసేసింది. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందా? తగిలితే యజమాని కట్టాలి. శతాబ్దం నాటి ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ ఒక్క మార్పే.

లెక్క ఎలా వేస్తారంటే, మరణిస్తే నెల జీతంలో సగాన్ని, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే 60 శాతాన్ని తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన సంఖ్యతో గుణిస్తారు. ముప్ఫై ఏళ్లకు ఆ సంఖ్య 207.98. జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకునేది 15,000 రూపాయల వరకే అని 2020 జనవరిలో కేంద్రం ప్రకటించింది. చేతి బొటనవేలు పోతే, చట్టంలోని పట్టిక ప్రకారం సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. ఆ జీతానికి, ఆ వయసుకు 5,61,546 రూపాయలు వస్తాయి.

అయితే పట్టికలో రాసిన శాతమే చివరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు పని చేస్తూ కిందపడిన వడ్రంగికి ఎడమచేయి మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడని 1976లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం నష్టంగానే లెక్కగట్టింది. శరీరాన్ని కాక బతుకుతెరువును కొలవడం అప్పటినుంచీ స్థిరపడింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, మొదటి వారం మేనేజర్ చేతిలో ఉంటుంది. మరణం గానీ తీవ్ర గాయం గానీ అయితే ఏడు రోజుల్లో ఈ కేసులు చూసే అధికారికి తెలియజేయాలి. చెల్లింపు నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా. చనిపోయినవాడి పరిహారం కుటుంబం చేతికివ్వకూడదు, ఆ అధికారి దగ్గర జమ చేయాలి. దుఃఖంలో ఉన్నవాళ్లకు కాస్త డబ్బిచ్చి సంతకం పెట్టించుకోవడం అంత తేలిక కాబట్టే ఈ నియమం. హక్కు వదులుకున్నానని రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లదు. కాంట్రాక్టర్ మనిషి అని తప్పించుకోవడానికీ లేదు, పని ఎవరి కోసం జరుగుతోందో వాళ్లే ముందు కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. 2017 సవరణ మరో అడుగు వేసింది. పనిలో చేర్చుకునేటప్పుడే ఈ హక్కు గురించి ఉద్యోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంది. అంత అవసరమైన మాట చట్టంలోకి రావడానికి తొంభై నాలుగేళ్లు పట్టడం బాధ కలిగిస్తుంది.

1948 చట్టంతో పుట్టి 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైన ఉద్యోగుల రాజ్య బీమా పథకం (ఈఎస్ఐ) మాత్రం జర్మనీ బాటలో చందాల మీద నడిచేది. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లకు పరిహారం అక్కడినుంచే.

ఇక పనికి వచ్చిపోయే దారి మాట. 1952లో పోర్‌బందర్ దగ్గర ఉప్పు పనివాళ్లు ఇళ్లకు వెళ్తూ పడవ మునిగి చనిపోతే, అది పనిలో జరిగిన ప్రమాదం కాదని 1958లో సుప్రీంకోర్టు అంది. 2020 సామాజిక భద్రతా కోడ్, పనితో సంబంధం తేలితే ఇంటికీ పనిచోటికీ మధ్య ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న 1923 చట్టం స్థానంలో అమలైంది. భోజనం మోసుకెళ్లే డెలివరీ కుర్రవాడిని మాత్రం అది యజమాని-ఉద్యోగి బంధానికి వెలుపలే ఉంచింది. అతనికి కంపెనీల చందాతో నడిచే నిధి, పథకాలు చూపింది. వాటిలో ప్రమాద బీమా ఉండొచ్చు గానీ, యజమానిని నిలదీసి అడిగే 1923 నాటి హక్కు అతనికి ఇంకా రాలేదు.