ఏ మెషీన్‌నైనా లేపే డ్రైవ్

చర్ల, దుమ్ముగూడెం వైపు కంప్యూటర్లు బాగుచేయడానికి వెళ్లేవాళ్ల సంచిలో స్క్రూడ్రైవర్‌తోపాటు బూటబుల్ పెన్‌డ్రైవ్ ఒకటి ఉండాల్సిందే. హార్డ్‌డిస్క్ మొరాయిస్తే దాన్ని గుచ్చి, బూట్ మెనూ తెరిచి, సిస్టమ్‌ను లేపుతారు. కొత్త డిస్క్ కోసం ఖమ్మం పోవాలంటే వంద కిలోమీటర్ల పైమాట. అయితే ఆ పెన్‌డ్రైవ్ ఇంటెల్ మెషీన్‌ను లేపిందని ఆర్మ్ మెషీన్‌నూ లేపుతుందని అనుకోవద్దు. ఈ తగువు ఇప్పటిది కాదు.

1983లో డాస్ 2.0తో హార్డ్‌డిస్క్ పీసీలోకి వచ్చింది. డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో ప్రోగ్రాముకు దక్కేది 446. చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు కనిపిస్తే చాలు, మెషీన్‌ను మొదట లేపే ప్రోగ్రాము బయోస్ ఆ సెక్టార్‌ను మెమరీలోకి లాగి, ముందూ వెనకా చూడకుండా అందులోకి దూకేది. ఆ ప్రోగ్రాము ఇంటెల్ 8086 వంశానికే అర్థమయ్యే మెషీన్ కోడ్. వేరే ప్రాసెసర్‌కు అది చెత్త.

సన్ కంపెనీలో మిచ్ బ్రాడ్లీ వేరే దారి చూపించాడు. ఏ ప్రాసెసర్ మీదైనా నడిచేలా ఫోర్త్ భాషలో ఆయన రాసిన పద్ధతి 1994లో ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్రమాణమైంది. పవర్‌పీసీ మ్యాక్‌లు దాన్నే వాడాయి. ఇంటెల్ ఆ బాట పట్టలేదు. ఇటేనియం చిప్‌కు పాత బయోస్ సరిపడక, తనే ఈఎఫ్‌ఐ తయారుచేసుకుంది. అందులో తెలివైన పని ఒకటుంది. గుడ్డిగా దూకడం మానేసి, ఫ్యాట్ పార్టిషన్‌లో పేరున్న ఫైలును వెతుకుతుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ అయితే బూట్‌ఎక్స్64, ఆర్మ్ అయితే బూట్‌ఏఏ64. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉండొచ్చు. నా దృష్టిలో ఈ కథలో అసలు ఆవిష్కరణ ఆ పేర్లే.

2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌లను ఇంటెల్‌కు మారుస్తామన్నాడు. 2006 జనవరికే మెషీన్లు వచ్చేశాయి, వాటితో చిక్కులూ వచ్చాయి. సిస్టమ్ ఎక్కించడానికి కొత్త మ్యాక్‌లు జీపీటీ అనే కొత్తరకం పార్టిషన్లు అడిగితే, జీపీటీ డిస్క్ నుంచి పాత పవర్‌పీసీ లేవనే లేవదు. పైగా టైగర్ సిస్టమ్ రెంటికీ వేర్వేరు. 2007 అక్టోబర్‌లో దాని తర్వాతి వెర్షన్ లెపర్డ్ వచ్చింది. రెండు ప్రాసెసర్ల కోడూ ఒకే ఫైలులో ఇమిడిన యూనివర్సల్ బైనరీలతో, ఒక్క డీవీడీ రెంటికీ సరిపోయింది. పాత ఆపిల్ పార్టిషన్ మ్యాప్ ఉన్న ఫైర్‌వైర్ డ్రైవ్‌లో పవర్‌పీసీ నుంచి లెపర్డ్ ఎక్కిస్తే, అదే డ్రైవ్‌తో ఇంటెల్ మ్యాక్ కూడా లేచేది. రిపేరువాళ్లకు పండగే. అదీ ఎన్నాళ్లో నిలవలేదు: 2009లో స్నో లెపర్డ్ పవర్‌పీసీని వదిలేసింది.

2020 నవంబర్‌లో ఆపిల్ సొంత ఆర్మ్ చిప్ ఎం1 వచ్చేసరికి కోడ్ సంగతి మళ్లీ యూనివర్సల్ బైనరీలే చూసుకున్నాయి. ఈసారి అడ్డం వచ్చింది అనుమతి. భద్రాచలం దాటి ఎటపాకలో అడుగుపెడితే 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. రోడ్డు అదే, బండి అదే, టాక్సీవాణ్ని మాత్రం పర్మిట్ అడుగుతారు. ఎం1 మ్యాక్‌దీ అదే వరస. బయటి డ్రైవ్‌లో సిస్టమ్ ఎంత చక్కగా ఉన్నా, ఆ మ్యాక్ యజమాని పాస్‌వర్డ్ కొట్టి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల చీటీ బయటి డ్రైవ్‌లో కాదు, మ్యాక్ లోపలి ఎస్‌ఎస్‌డీలో ఉంటుంది. మరో మ్యాక్‌కు పట్టుకెళితే అక్కడ మళ్లీ మొదటినుంచి.

దొంగ చేతిలో పడ్డ ల్యాప్‌టాప్‌కు ఇది మంచి కాపలానే, కాదనను. కానీ తొలి దశ బూట్ సామగ్రి కూడా లోపలి ఎస్‌ఎస్‌డీలోనే పెట్టారు. అది పూర్తిగా పోయిందా, బయటి డ్రైవ్ ఎంత మంచిదైనా ఆ మ్యాక్ లేవదు. బయటి డ్రైవ్ అవసరం పడేదే లోపలిది పోయినప్పుడు కదా!