యంత్రముల పక్షమున వాదించిన న్యాయవాది

రేడియో మీట త్రిప్పినంతనే దూరదేశపు మాట మన యింట వినిపించును. ఈ అద్భుతమునకు వెనుక మార్కోనీ, ఆలివర్ లాడ్జి, మన జగదీశ చంద్ర బోసు వంటి శాస్త్రజ్ఞులు కలరని పాఠకులెరుగుదురు. వారి వెనుక ఒక న్యాయవాది కూడ కలడని యెరిగినవారు తక్కువ. ఆయన పేరు జాన్ ఫ్లెచర్ మోల్టన్. శాస్త్రమునకును వ్యాపారమునకును నడుమ పుట్టిన వ్యాజ్యములలో ఆయన ఇంగ్లండున ఆనాటి అగ్రగణ్యులలో ఒకడు.

మోల్టన్ 1844 నవంబరు 18వ తేదీన ష్రాప్‌షైరులోని మేడ్లీ గ్రామమున జన్మించెను. తండ్రి వెస్లియను సంఘమునకు చెందిన మతాచార్యుడు. కుమారుడు కేంబ్రిడ్జిలో గణితము చదివి 1868లో సీనియరు రాంగ్లరుగా నెగ్గెను. 1899లో మన పరాంజపేగారు పొంది దేశమునకు గర్వకారణమైన స్థానమిదియే. అంతటి గణితవేత్త అధ్యాపకుడుగనే స్థిరపడునని యెవరైనను తలపవచ్చును. కాని మోల్టన్ 1874లో బారిస్టరయ్యెను. అట్లని ప్రయోగశాలను విడువలేదు. విలియం స్పాటిస్‌వుడ్ అను పండితునితో కలిసి వాయువులలో విద్యుత్తు ప్రసరించు విధమును పరిశోధించి, 1880లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను.

అది నూతన యంత్రముల యుగము. 1876లో టెలిఫోను వచ్చెను. పిమ్మట కొలది యేండ్లకే విద్యుద్దీపము వెలిగెను. 1883 నాటి ఇంగ్లండు చట్టము పేటెంటు దరఖాస్తు రుసుమును 25 పౌనుల నుండి 4 పౌనులకు తగ్గించుటచే సామాన్యులు సయితము పేటెంటు కోరసాగిరి. పేటెంటు అనగా ప్రభుత్వమునకును నూతన కల్పన చేసినవానికిని నడుమ కుదిరిన యొక ఒడంబడిక. “నీ రహస్యమును లోకమునకు తేటతెల్లముగ చెప్పుము, కొన్ని యేండ్లు దానిపై సర్వహక్కులు నీవే అనుభవింపుము” అని దాని తాత్పర్యము.

కావున కోర్టులో తగవు యంత్రమును గూర్చి కన్న, ఆ యంత్రమును వర్ణించిన మాటలను గూర్చియే యెక్కువ. పొలము గట్టు తగాదాలో సర్వేరాయి సాక్ష్యము పలుకును. ఇచ్చట మాటలే సర్వేరాళ్లు. మాట మరీ విశాలమైనచో, ఇదివరకే పదిమందికి తెలిసినదానిని కూడ ఆక్రమించి, హక్కు మొత్తమే చెడును. మరీ ఇరుకైనచో, పొరుగువాడు ఒక మర మార్చి తప్పించుకొనును. న్యాయాధిపతికి చట్టము తెలియును, తీగచుట్ట తెలియదు. ఇంజనీరుకు తీగచుట్ట తెలియును, చట్టము తెలియదు. ఇరువురి భాషయు తెలిసినవాడు మోల్టన్. ప్రసంగపాఠములను సిద్ధము చేయు మాకు ఈ కష్టము కొంత తెలియును. శ్రోత పుట వెనుకకు త్రిప్పి చదువుకొనలేడు. ఒక్క మాట తడబడినను విషయమంతయు జారిపోవును.

1896 జూన్ 2వ తేదీన యువకుడైన మార్కోనీ తంతిలేని వార్తాప్రసారమునకు పేటెంటు కోరుచు తాత్కాలిక వివరణను దాఖలు చేసెను. సంపూర్ణ వివరణను సిద్ధము చేయుటలో మోల్టన్ సలహాను పొందెను. చిక్కు అల్పమైనది కాదు. విద్యుత్తరంగములను హెర్ట్జు అంతకుముందే చూపియుండెను. వానిని పసిగట్టు సాధనము బ్రాన్లీది. 1894లోనే లాడ్జి వానిని బహిరంగ సభలలో ప్రదర్శించెను. మరి మార్కోనీ సొంతమేది? ఎత్తున నిలిపిన తీగ, భూమితో కలిపిన తీగ, ఈ పరికరములనన్నిటిని వార్తలు పంపుటకు అనువుగ కూర్చిన నేర్పు. ఈ హద్దులను మాటలలో పాతి, 1897 మార్చి 2వ తేదీన సంపూర్ణ వివరణను దాఖలు చేసిరి. 12,039వ సంఖ్య గల ఆ పేటెంటు ఆ జూలైలో మంజూరయ్యెను.

ఇది న్యాయమేనా యని మాకు సందేహము కలుగును. లాడ్జి చూపెను, కాని 1894లో హక్కు కోరలేదు. బోసుగారు తమ పరిశోధనలతో ధనమార్జింప నిచ్చగింపలేదు. చట్టము కన్నవానికి గాక, కన్నదానిని కాగితముపై నిలిపినవానికి ఫలము నిచ్చెను. అయితే అదే చట్టము మార్కోనీకి ఎదురు నిలిచిన సందర్భమును కలదు. తరంగముల శ్రుతి కలుపుటకు 1897 మేలో లాడ్జి పేటెంటు కోరెను. తరువాత మార్కోనీ కంపెనీ దానిని వెల యిచ్చి కొనవలసి వచ్చెను.

మోల్టన్ 1906లో అప్పీలు కోర్టు న్యాయమూర్తియై, 1912లో ప్రభువుల సభలో న్యాయాధిపతి పదవి నలంకరించెను. 1914లో మహాయుద్ధము రాగా, డెబ్బదవ యేట ప్రేలుడు పదార్థముల తయారీ భారము వహించెను. తారునుండి లభించు టొలీను చాలదని గుర్తించి, దానితో చేయు టి.ఎన్.టి.లో అమ్మోనియం నైట్రేటును కలుపవలెనని పట్టుపట్టి సాధించెను. కేంబ్రిడ్జిలో నేర్చిన శాస్త్రము ముదిమిలో ఇట్లు దేశమునకు అక్కరకు వచ్చెను. 1921 మార్చి 9వ తేదీన ఆయన మరణించెను.

మరణానంతరము 1924లో ఆయన ఉపన్యాసమొకటి అచ్చుపడెను. మనుష్యుని నడవడికి మూడు సీమలు గలవని అందు చెప్పెను. ఒకదానిలో చట్టము శాసించును. మరియొకదానిలో మనము స్వతంత్రులము. రెంటి నడుమ, ఎవరును బలవంతపెట్టకున్నను మనమై పాటించు ధర్మముల సీమ యున్నది. జాతి గొప్పతనమును కొలువవలసినది ఈ నడిమి సీమలోనే యని ఆయన యభిప్రాయము.

జీవితమంతయు చట్టపు మాటలతో హద్దులు గీసిన మనుష్యుడు, చట్టము చేరలేని చోటునే మిన్నగా ఎంచుట గమనింపదగినది. ధనమార్జింప నిచ్చగింపక జ్ఞానమును పంచియిచ్చిన బోసుగారు ఆ నడిమి సీమవారే. మన యింటి రేడియోలో మార్కోనీ హక్కుపత్రము పాలెంత కలదో, వారి ఔదార్యపు పాలును అంత కలదని మేము తలంచుచున్నాము.