శక్కర్‌నగరము పుట్టుపూర్వోత్తరములు

నిజామాబాదు జిల్లాయందలి బోధను మిక్కిలి ప్రాచీనమైన ఊరు. బౌద్ధవాఙ్మయమున వినవచ్చు అస్సక జనపదమునకు రాజధానియైన పోదన నగరమిదియేయని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అయినను ఇరువదవ శతాబ్దమున దీని పేరు ఇంటింటికి ప్రాకినది రాజుల వలన గాదు, చక్కెర వలన.

ఆ కథకు మూలము నీరు. గోదావరికి ఉపనదియైన మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931 నాటికి పూర్తియయ్యెను. ఉస్మాన్ అలీఖాను ఏలుబడిలో నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు దీనికి రూపకల్పన చేసెను. దాని కాలువలు 2 లక్షల ఎకరములకు పైబడి తడుపునట్లు ఏర్పాటు చేయబడినవి. ఈ క్రొత్త మాగాణిని సాగు చేయుటకు కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతముల నుండి రైతు కుటుంబములు తరలివచ్చి పొలముల నడుమనే ఇండ్లు కట్టుకొనిరి. ఆ పల్లెలను నేటికిని ‘క్యాంపు’లనియే పిలుతురు. విడిదికి పెట్టిన పేరు తరతరములకు ఊరి పేరగుట వింతయే.

1937లో బోధను చెంత నిజాం ప్రభుత్వము చక్కెర కర్మాగారమును స్థాపించెను. దాని చుట్టును కార్మికుల నివాసములతో వెలసిన బస్తీయే శక్కర్‌నగరము. ఉర్దూలో శక్కర్ అనగా చక్కెరయే. జానకంపేట నుండి బోధనుకు రైలుశాఖయు వచ్చెను. ఆసియాలోనే మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటియని ఇది పేరు పొందెను.

చెరకు ధాన్యము వంటిది కాదు. ధాన్యమును గాదెలో పోసి ధర వచ్చువరకు కాచుకొనవచ్చును. చెరకు నరికిన నాటి నుండియే దానిలోని తీపి తరుగుట మొదలిడును. ఒక దినములో గానుగకు చేరుట మేలు. కనుక రైతునకు మిల్లు దూరమైనచో ఉండియు లేనట్లే. మిల్లు సంగతియు అంతే. నూరు టన్నుల చెరకాడిన ఇంచుమించు పది టన్నుల చక్కెర దిగును. రసము తీసిన పిప్పియే బాయిలరుకు వంటచెరకు. మిగిలిన మడ్డి సారా బట్టీకి పోవును. తోటలు తగ్గినచో ఇవన్నియు ఒక్కమారే ఆగిపోవును.

జరిగినదియు నట్టిదే. నిజాంసాగరము పూడిక పడెను. ఎగువన సింగూరు జలాశయము వెలసి మంజీర నీటిని హైదరాబాదు దాహమునకు మరల్చెను. 2002లో కర్మాగారమున 51 శాతము వాటా ప్రైవేటు సంస్థ పరమయ్యెను. 2015 డిసెంబరులో గానుగలు నిలిచిపోయెను. జీతపు బకాయిలకై కార్మికులు ఏండ్ల తరబడి ఆందోళన చేసిరి. దీనికి కారణములు పలువురు పలువిధముల చెప్పుదురు. తప్పు నొకరిపై మోపుట తేలికయే. కాని నీరు, తోట, గానుగ మూడింటిని ఒక్క సంసారముగా చూడవలసిన దృష్టి లోపించినదనుట సత్యమునకు దగ్గర. రైతులు పెక్కుమంది వరికి మరలిరి.

పునరుద్ధరణ మార్గమును వెదకుటకు 2024లో తెలంగాణ ప్రభుత్వమొక సంఘము నేర్పరచెను. యంత్రములను బాగుచేయుట ధనముతో తీరు పని. చెరకు నాటినది మొదలు నరకుటకు దాదాపు ఏడాది పట్టును. మిల్లు తెరచునను నమ్మకము లేనిదే రైతు ముచ్చె నాటడు. తోటలు కనబడనిదే మిల్లు తెరచుటకు ఎవరును సాహసింపరు.