గేమ్‌లో హీరో చంపితే లెక్క ఎవరు రాస్తారు? వీరగల్లు నుంచి గల్వాన్ దాకా

గత నెల ఒక టెస్ట్ సిరీస్‌లో ఎథిక్స్ పేపర్ రాశాను. అందులో ఒక ప్రశ్న: వీడియో గేముల్లో హీరో చేసే హత్యలను నైతికంగా ఎలా చూడాలి, 150 పదాల్లో రాయండి. నేనేం రాశానో చెప్తే నవ్వకండి, మీలో చాలామంది రాసేదీ అదే. యువతలో పెరుగుతున్న హింసా ప్రవృత్తి, తల్లిదండ్రుల పర్యవేక్షణ, ప్రభుత్వ నియంత్రణ, చివర్లో గాంధీజీ పేరు. 10కి 3 వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో ఒక్క వాక్యం: "చంపినవాడి గురించే రాశారు, చచ్చినవాడు ఎక్కడ?"

మొదట కోపం వచ్చింది. గేమ్‌లో చచ్చినవాడు ఎవడండీ, కాసిన్ని పిక్సెళ్లు తప్ప! కానీ ఆ వాక్యం నన్ను వదల్లేదు. జీఎస్ పేపర్ 1 కోసం చదివిన చరిత్రను ఆ ఒక్క ప్రశ్నతో మళ్లీ తిరగేశాను. దొరికినదే ఈ వ్యాసం.

ముందు నిషేధాల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరం తప్పు రాసేది ఇక్కడే. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. ఏ చట్టం కింద? ఐటీ చట్టం 2000, సెక్షన్ 69ఏ. ఏ కారణంతో? దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, శాంతిభద్రతలు. ఆ ఉత్తర్వు వెనుక ఉన్నది చైనాతో సరిహద్దు ఉద్రిక్తత, డేటా భయం. గేమ్‌లో 100 మంది దిగి చివరికి ఒక్కడు మిగిలే దాకా చంపుకోవడం మీద అందులో అభ్యంతరం లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం చూడండి. అది డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తుంది. అంటే మన చట్టం డబ్బు పోతే పట్టించుకుంటుంది, డేటా పోతే పట్టించుకుంటుంది. ఆటలో ప్రాణం పోయే తీరు దాని ప్రధాన చింత కాదు.

హింస పేరు చెప్పి, వ్యసనం పేరు చెప్పి ఆపినవాళ్లూ ఉన్నారు. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ ఆడుతూ దొరికిన కుర్రాళ్లను అరెస్టు చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నేపాల్ నిషేధించింది, కొద్ది రోజుల్లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలిపివేసింది. 2020 జూలైలో పాకిస్తాన్ టెలికాం సంస్థ ఆపింది, ఇస్లామాబాద్ హైకోర్టు జోక్యంతో అదే నెలలో గేమ్ తిరిగి వచ్చింది. 2021 ఆగస్టులో బంగ్లాదేశ్ హైకోర్టు పబ్‌జీ, ఫ్రీ ఫైర్‌లను ఆపమని ఆదేశించింది. దక్షిణాసియా మొత్తం రెండున్నరేళ్లలో ఒకే ఆట చుట్టూ తిరిగిందన్నమాట. ప్రతిచోటా చర్చ ఒక్కటే: ఆడేవాడు చెడిపోతాడా, లేదా? ఎర్ర ఇంకు అడిగినవాడి ఊసు ఎక్కడా లేదు.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో మన దగ్గరకు వచ్చింది. రక్తం రంగు ఎరుపు పోయి ఆకుపచ్చ అయింది. 'కిల్' అనే మాట పోయి 'ఫినిష్' వచ్చింది. చైనాలో 2019లో వచ్చిన రూపమైతే మరీ చిత్రం. అక్కడ దెబ్బ తిన్నవాడు చావడు, మోకాళ్ల మీద కూర్చుని, తన సామాను పెట్టె అప్పగించి, చెయ్యి ఊపి టాటా చెప్పి మాయమవుతాడు! నా రూమ్మేట్ రాత్రి పన్నెండు దాకా బీజీఎంఐ ఆడతాడు. పచ్చ రక్తం గురించి అడిగితే "ఏ రంగైతే ఏంట్రా, పాయింట్లు అవే కదా" అన్నాడు. వాడు చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆ మార్పు వల్ల చంపడం తగ్గలేదు. చావు మాత్రమే కనిపించకుండా పోయింది.

ఇప్పుడు మన చరిత్రలోకి వెళ్దాం. దక్కన్‌లోనూ తమిళ దేశంలోనూ హీరోకు దొరికిన అతి పాత స్మారకం ఏమిటి? వీరగల్లు. తేని జిల్లా పులిమాన్‌కొంబైలో దొరికిన తమిళ బ్రాహ్మీ వీరశిలను క్రీ.పూ. మూడో శతాబ్దం నాటిదిగా చెబుతారు. పశువుల దోపిడీ పోరులో పోయిన ఒకరి కోసం నాటిన రాయి అది. కర్ణాటకలో, రాయలసీమలో, తెలంగాణలో ఊరి చివర చెట్ల కింద ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి, మనం బొడ్రాయో, గ్రామదేవతో అనుకుని దాటిపోతాం. మధ్యయుగపు రాళ్లను గమనిస్తే సాధారణంగా మూడు అంతస్తులుంటాయి. అడుగున యుద్ధం, మధ్యలో అప్సరసలు వీరుణ్ని తీసుకుపోవడం, పైన శివలింగం దగ్గర అతను. అన్నిటికీ పైన సూర్యచంద్రులు.

దీనిలో పరీక్షకు పనికొచ్చే అంశం, నాకైతే పరీక్షను మించిన అంశం, ఒకటుంది. ఆ రాయి మీద ఉన్నవాడు ప్రధానంగా చనిపోయినవాడు. ఆవుల మందను కాపాడుతూనో, ఊరిని కాపాడుతూనో పోయినవాడు. ఎంతమందిని చంపాడన్నది ఆ రాయి పుట్టడానికి కారణం కాదు, తాను ప్రాణం ఇచ్చాడన్నదే కారణం. పల్నాడులో కారంపూడి వీరుల గుడిలో నేటికీ పూజలందుకునేది 12వ శతాబ్దపు యుద్ధంలో పోయినవాళ్లే. ఇప్పుడు వీడియో గేమ్ హీరోను దీని పక్కన నిలబెట్టండి. అతను చంపుతాడు, చావడు. చచ్చినా మళ్లీ పుడతాడు, దానికి రీస్పాన్ అని పేరు. చావు లేనివాడికి వీరగల్లు ఎక్కడ నాటాలి?

'అది జానపదం, ఇతిహాసంలో హీరోలు చంపలేదా' అని మీరు అడుగుతారని తెలుసు. చంపారు. కానీ ఇతిహాసం వాళ్లను అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. భీష్మపర్వంలో యుద్ధం మొదలవకముందే ఇరుపక్షాలూ నియమాలు పెట్టుకుంటాయి. పారిపోయేవాణ్ని, ఆయుధం లేనివాణ్ని, సారథిని, శంఖం ఊదేవాణ్ని కొట్టకూడదు. పద్దెనిమిది రోజుల్లో ఆ నియమాలు ఒక్కొక్కటిగా తెగిపోతాయి, ఎక్కువగా మనం హీరోలనుకునేవాళ్ల చేతుల్లోనే. ద్రోణుడి విషయంలో ధర్మరాజు సగం నిజం చెప్పగానే, అప్పటిదాకా భూమికి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు తగులుతుంది. గెలుపు దక్కింది, రథం మాత్రం దిగిపోయింది. ఏ గేమ్‌లోనైనా ఇలాంటి శిక్ష చూశారా?

అసలు ఘట్టం స్త్రీపర్వంలో ఉంది. తెలుగులో ఇది తిక్కన భాగంలోకి వస్తుంది, ఆయన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు కదా. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు ఎంతమంది చచ్చారని అడిగితే సంస్కృత మూలంలో ధర్మరాజు లెక్క చెప్తాడు: 166 కోట్ల 20 వేల మంది. ఆచూకీ లేనివాళ్లు మరో 24,165 మంది. ఆ కోట్లు చారిత్రక సంఖ్యలు కావు, అలా రాసి మార్కులు పోగొట్టుకోకండి. చూడాల్సింది వేరే. గెలిచిన రాజు శత్రుపక్షపు శవాలతో సహా లెక్క చెప్తున్నాడు, కనిపించకుండా పోయినవాళ్లకూ విడిగా ఒక లెక్క ఉంది. ఆ తర్వాత, నా అనేవాళ్లు లేని శవాలకు కూడా దహనం చేయించమని ఆజ్ఞాపిస్తాడు. తర్పణాల వేళ కుంతి నోరు విప్పుతుంది: కర్ణుడు మీ అన్న. అప్పటిదాకా శత్రువుల్లో శత్రువుగా లెక్కపెట్టినవాడు ఒక్క మాటతో ఇంటి పెద్దకొడుకయ్యాడు. ధర్మరాజు రాజ్యం వద్దని అడవికి పోతానంటాడు.

రాక్షసుల సంగతో? మన గేములు దీన్నే తెలివిగా వాడుకుంటాయి. 2009లో హైదరాబాద్ స్టూడియో అరోనా ప్లేస్టేషన్ 2 కోసం చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' ఉంది, 2020లో పుణె వాళ్లు చేసిన 'రాజీ' ఉంది. ఎదుట ఉన్నది అసురుడైతే చంపడం గురించి ప్రశ్నే రాదు. కానీ పురాణంలో అసురుడికి కూడా తండ్రి, కొడుకు, వరం, వంశం ఉంటాయి. రావణుడు పడ్డాక వైరం చావుతో ముగిసిందని రాముడే విభీషణుడి చేత అంత్యక్రియలు చేయిస్తాడు. రామేశ్వరం స్థలపురాణం ఇంకో అడుగు ముందుకేసి, రావణ వధ దోషం పోవడానికే రాముడు అక్కడ లింగాన్ని ప్రతిష్ఠించాడంటుంది. గేమ్ అసురుడికి పేరు కూడా ఉండదు.

ఇక అశోకుడు. మీకు కంఠతా వచ్చిన పదమూడో శిలాశాసనమే: పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ, లక్షా 50 వేల మంది తరలింపు, లక్ష మంది హతం, అంతకు ఎన్నో రెట్లు మరణం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఇది ఉంది, గుర్తుపెట్టుకోండి. అంకెల తర్వాతి భాగాన్ని కోచింగ్ నోట్సుల్లో ఎవరూ రాయరు. తాము దెబ్బ తినకపోయినా స్నేహితులు, బంధువులు పోయినవాళ్ల బాధ కూడా అందులో లెక్కకు వచ్చింది. గెలిచిన రాజు ఓడినవాళ్ల ఇళ్లలోకి తొంగిచూసి, అక్కడి దుఃఖాన్ని తన పేరు మీద రాతిలో చెక్కించుకున్నాడు.

అలాగని అశోకుణ్ని సాధువును చేయకండి. అదే శాసనంలో అటవీ జనాలకు హెచ్చరిక ఉంది: పశ్చాత్తాపపడుతున్నాను గానీ నా దగ్గర బలం ఉంది, దారికి రాకపోతే చంపవలసి వస్తుంది అన్న ధోరణిలో. పైగా ఈ పశ్చాత్తాప శాసనం కళింగలోని ధౌలి, జౌగడలలో లేదు. అక్కడ దాని బదులు ప్రజలంతా నా బిడ్డలు అనే ప్రత్యేక శాసనాలు పెట్టాడు. బాధితులకు చూపించని పశ్చాత్తాపం అన్నమాట. 2025లో వచ్చిన 'సివిలైజేషన్ 7' గేమ్‌లో అశోకుణ్ని రెండు వేర్వేరు రూపాలుగా ఇచ్చారు, లోకాన్ని జయించినవాడు ఒకరు, త్యజించినవాడు ఒకరు. ఆటకు ఆ విడదీత సౌకర్యం. ఎర్రగుడి బండ మీద మాత్రం ఇద్దరూ ఒకే మనిషి, ఒకే శాసనంలో.

చివరిగా గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి మన సైనికులు 20 మంది పోయారు. వారిలో 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట వాడు, మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు. పబ్‌జీ నిషేధం వచ్చిన రెండు రోజులకే ఫౌజీ అనే స్వదేశీ గేమ్ ప్రకటించారు. 2021 జనవరి 26న విడుదలైంది. మొదటి ఘట్టం గల్వాన్ లోయ. తుపాకులు లేవు, చేతులతో, దుడ్డుకర్రలతో కొట్టాలి. నికరాదాయంలో 20 శాతం అమరుల నిధికి అన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ డబ్బు మాటను నేను తక్కువ చేయను. కానీ ఏడు నెలలే అయింది. ఆ ఇళ్లలో సంవత్సరీకం కూడా కాలేదు.

సూర్యాపేటలో ఆయన విగ్రహం ఉంది. బస్సులో విజయవాడ వెళ్తూ ఆ ఊరు దాటిన ప్రతిసారీ ఇప్పుడు నాకు వీరగల్లే గుర్తొస్తుంది. పద్ధతి అదే. పోయినవాడికి పేరు, ముఖం, ఊరి నడుమ చోటు. గేమ్‌లో మాత్రం ఆ రాత్రి మళ్లీ మళ్లీ జరుగుతుంది, ఎదుటివాళ్లు వరుసగా వచ్చి పడిపోతుంటారు, మనవాడు పడిపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఒకే సంఘటనకు రెండు జ్ఞాపకాలు ఇవి. గేమ్ ఆడిన పిల్లవాడు రేపు చంపుతాడని నేను అనను. దానికి నమ్మదగ్గ రుజువు చూపమంటే చూపడం కష్టం, మీరూ పరీక్షలో అలా తేల్చి రాయకండి. నా అనుమానం వేరు. మళ్లీ మొదలుపెట్టే బటన్ ఉన్నచోట పోయిన 20 మంది బరువు తెలుస్తుందా?

ఆ జవాబు నిన్న రాత్రి మళ్లీ రాశాను. ఈసారి ఎర్రగుడితో మొదలుపెట్టాను, స్త్రీపర్వం లెక్క పెట్టాను, పచ్చ రక్తం ఒక్క వాక్యంలో తేల్చాను. సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి 150 పదాలు అయిపోయాయి.